లియోంతిన పరుగెత్తిన రోజు

ఆ రోజు స్టాప్‌వాచ్ పట్టుకున్నది నేనే. అంతకు ఆరేళ్ళ ముందు కొర్రాదో పరుగెత్తినప్పుడు పట్టుకున్నదీ నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తెలిసి మీరు నన్ను వేరేగా చూడకుండా.

మా ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచిన దాన్ని. సెర్వాలో ఎవరింటి గడప ఎంత ఎత్తో నా మోకాళ్ళకు తెలుసు. నిక్కచ్చి మనిషినని పేరుండటంతో, చర్చి తలుపు తాకి బయలుదేరి, బెక్కా నేరా కొండ కొన మీద సిలువను తాకి, మళ్ళీ వచ్చి తలుపు తాకేవాళ్ళకు టైము చూడటం నా పనయింది. మా తాతల కాలం నుంచీ ఉన్న పందెం అది. మొదట అడవి, తర్వాత పచ్చిక, ఆ పైన ఎవరిస్త్ అనే ముసలాయన నడిపే కొండ బస, బస దాటితే మంచు, మంచు దాటితే కొండ వెన్ను. ఆ వెన్ను మీద పరుగేమీ ఉండదు. నాలుగు కాళ్ళ జంతువులా పట్టు దొరికిన చోట చెయ్యి, చోటు దొరికిన దగ్గర కాలు వేసి పాకాలి. రెండువైపులా గాలి తప్ప ఏమీ ఉండదు. తాడు కట్టుకుంటే టైము లెక్కకు రాదు.

మేము లియా అని పిలిచే లియోంతిన, కొర్రాదో చిన్నప్పటి నుంచీ కలిసి ఎక్కేవాళ్ళు. ఆమె వాళ్ళ నాన్న పోయాక ఇరవైనాలుగు ఆవుల్నీ పాలు విరిచే రాగి కాగునీ ఒంటిచేత్తో చూసుకునే మనిషి. అతను కొండలెక్కించే గైడు. నవ్వితే అమ్మలక్కలు కూడా జుట్టు సర్దుకునేంత అందగాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకుంటారని ఊరంతా అనుకుంది. వాళ్ళు మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు.

కొర్రాదో పరుగెత్తిన ఆ ఏడు సెప్టెంబరులో ఇద్దరూ కలిసే బయలుదేరారు. పొద్దున్న ఆరింటికి. తొమ్మిదిన్నర లోపే కొర్రాదో ఒక్కడే తిరిగొచ్చాడు. మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాల నలభై సెకన్లు. అంతకు ముందెవరూ అంత తొందరగా రాలేదు.

"లియా ఏదిరా?" అన్నాను.

"బస దగ్గరే వెనక్కి తిరిగింది పిన్నీ. కడుపునొప్పట. పచ్చిక మీదుగా ఇంటికెళ్ళి ఉంటుంది," అన్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ.

నేను చప్పట్లు కొట్టాను. అందరం కొట్టాం. వాణ్ణి భుజాల మీదికెత్తుకుని చర్చి చుట్టూ తిప్పారు. వైను సీసాలు తెరిచారు.

లియా ఆ సమయంలో కొండ వెన్ను మీద, సిలువకు ఇంకో వంద మీటర్లుందనగా, ఎడమ పాదం మీద ఒక బండ పడి, తలకు దెబ్బ తగిలి, అక్కడే ఇరుక్కుని ఉంది. మధ్యాహ్నం మంచు కురవడం మొదలైంది. అవతలి వైపు నుంచి ఎక్కుతున్న ఇద్దరు జర్మన్లు అనుకోకుండా చూసి ఫోన్ చేయకపోతే అక్కడే చచ్చిపోయేది. అప్పటికి అయిదు గంటలు గడిచాయి. హెలికాప్టర్లో దించారు. మూడు కాలివేళ్ళు తీసేశారు.

తెలివి వచ్చాక ఆమె చెప్పిన మాట ఒకటే. "వాడు నా పక్కనే ఉన్నాడు. బండ పడటం చూశాడు. తర్వాత చేతి గడియారం చూసుకున్నాడు. 'కిందికెళ్ళి మనుషుల్ని పంపిస్తా' అని పైకెళ్ళి, సిలువ తాకి, నన్ను దాటుకునే దిగిపోయాడు."

కొర్రాదో తల అడ్డంగా ఊపాడు. "పాపం, తలకు దెబ్బ తగిలింది కదా. నేను వెళ్ళాక తనకు కడుపునొప్పి తగ్గి, ఒక్కతే ఎక్కి ఉంటుంది," అన్నాడు. సాక్ష్యానికి బస పుస్తకం ఉండనే ఉంది. వచ్చే పోయే ప్రతివాళ్ళ పేరూ టైమూ ఎవరిస్త్ అందులో రాస్తాడు. అందులో ఉంది: 'లియోంతిన, ఇక్కడి నుంచి వెనక్కి తిరిగింది.' ఎవరిస్త్ కొర్రాదోకి మేనమామే, కానీ యాభై ఏళ్ళుగా ఆ పుస్తకంలో అబద్ధం రాయని మనిషి. ఇద్దరి మాటా ఒకవైపు, తలకు కట్టుతో పడుకున్న ఒక ఆడదాని మాట ఒకవైపు. మేము ఎటు మొగ్గామో చెప్పాలా?

తర్వాతి ఏడాది కొర్రాదో చౌరస్తాలో కొండలెక్కేవాళ్ళ సామాన్ల కొట్టు పెట్టాడు. గైడ్ల సంఘానికి పెద్దయ్యాడు. తెల్ల టీ-షర్టుల మీద ఎర్ర అంకెలతో తన టైము అచ్చు వేయించి అమ్మాడు. మిలానో పట్నం నుంచి వచ్చిన పొట్టల పెద్దమనుషులు, వాళ్ళ పిల్లలు, కుక్కతో సహా ఒకావిడ, అందరూ అవే వేసుకుని ఊళ్ళో తిరిగేవాళ్ళు. లియా చీజ్ అమ్మడానికి చౌరస్తాకు వస్తే ఆమె బల్ల ముందు ఆ అంకెలే వరసగా నిలబడి "ఇది ఎన్నాళ్ళు ముగ్గబెట్టింది?" అని అడిగేవి. ఆమె ముక్క కోసి, తూచి, ఇచ్చేది.

ఒకసారి నేనే ఉండబట్టలేక అన్నాను. "పోనీలే లియా, మర్చిపోవే. నీ మనసుకే మంచిది."

కత్తి తుడుస్తూ నా వంక చూసింది. "నా మనసు సంగతి నీకెందుకు పిన్నీ? నీ చప్పట్లు నాకు కొండ వెన్ను దాకా వినిపించాయి."

ఆ రోజు చీజ్ కొనకుండానే ఇంటికొచ్చేశాను.

ఆమె ఎప్పుడు పరుగు మొదలెట్టిందో ఎవరం చూడలేదు. మూడో ఏడు కాబోలు, మా ఆయన తెయోఫిలో వచ్చి చెప్పాడు. "ఆ పిల్ల పాల బిందె వీపున కట్టుకుని గుట్ట మీద పైకీ కిందికీ పరిగెడుతోందే. కుంటుతూనే." పైకి ఎక్కడం ఆమెకు కష్టం కాదు, దిగడమే నరకం. మూడు వేళ్ళు లేని పాదం కింద నేల జారిపోతుంది. ఎడమ బూటు ముందుభాగంలో గొర్రె ఉన్ని కూరి, మైనం రాసి, తానే ఒక అచ్చు తయారుచేసుకుంది. చలికాలంలో పశువులశాల గోడ రాళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి వేలాడేది. ఆవులు మేత నములుతూ చూసేవి.

ఆరో ఏడు ఆగస్టులో ఒకరోజు కాఫీ కొట్లోకి నేరుగా నడిచొచ్చింది. కొర్రాదో నలుగురితో పేకాడుతున్నాడు.

"వచ్చే బుధవారం పరిగెడుతున్నా. నీ టైము తీసేస్తా," అంది.

పేకలు ఆగిపోయాయి. కొర్రాదో నవ్వాడు. "ఏడు వేళ్ళతోనా?"

"ఏడుతో. నీకు పది ఉన్నాయి కదా, వచ్చి పక్కన పరిగెత్తు."

ఎవరో కిసుక్కున నవ్వారు. కొర్రాదో ముఖం కాస్త ఎర్రబడింది. "చూడు లియా, సంఘం పుస్తకంలో ఎక్కాలంటే ఇప్పుడు పద్ధతుంది, నేను పెద్దయ్యాక పెట్టింది. చర్చి దగ్గర ఒక సాక్షి, శిఖరం మీద ఒక సాక్షి, బస పుస్తకంలో మా మామయ్య చేతిరాత. ఆ చేతిరాత లేకపోతే నేను సంతకం పెట్టను."

మామయ్య తన మనిషేనన్న ధైర్యం వాడిది.

"అందరూ విన్నారుగా," అంది లియా. "ఎవరిస్త్ బాబాయ్ రాస్తే నువ్వు సంతకం పెడతావు."

"పెడతాను."

ఆ తర్వాత మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "వాడికి టైము చూసింది నువ్వే. నాకూ నువ్వే చూడాలి. అదే గడియారంతో," అంది. అది నన్ను గౌరవించడం కాదని నాకు తెలుసు. శిక్ష అది. ఒప్పుకున్నాను. శిఖరం మీద సాక్షిగా తెయోఫిలో వెళ్తానన్నాడు.

బుధవారం పొద్దున్న గాలి లేదు. ఊరు ఊరంతా వచ్చింది. కొర్రాదో తన అంకెల చొక్కా వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆరో గంట మొదటి దెబ్బకు లియా అరచేత్తో తలుపు మీద చరిచి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు పరుగు మొదలెట్టినట్టు లేదు, ఎవరి తలుపో తట్టి లేపినట్టుంది.

పైన జరిగింది నాకు తర్వాత తెయోఫిలో చెప్పాడు, ఎవరిస్త్ చెప్పాడు, కొంత ఆమే చెప్పింది.

ఏడూ నాలుగుకు బస దాటింది. ఎవరిస్త్ గుమ్మం ముందు పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. ఆగకుండానే అరిచింది, "ఈసారి సరిగ్గా రాయి బాబాయ్!"

మంచు గట్టిగా ఉండి కలిసొచ్చింది. కొండ వెన్ను మీదికి చేరాక, ఎక్కడ చెయ్యి వెయ్యాలో వెతుక్కోలేదు. ఆసుపత్రి మంచం మీదే ఆ రాళ్ళన్నీ కళ్ళముందు ఎన్నిసార్లు ఎక్కిందో. పాదం ఇరుక్కున్న చోటు వచ్చింది. ఆ బండ అక్కడే ఉంది, పక్కకు ఒరిగి. "అక్కడ నాకేమన్నా అవుతుందేమో, భయమో ఏడుపో అనుకున్నా," అని చెప్పింది నాతో. "ఏమీ కాలేదు. దాని మీద కాలు పెట్టి ఎక్కా. మంచి మెట్టు అది."

సిలువ దగ్గర తెయోఫిలో దుప్పటి కప్పుకుని, కొర్రాదో చెప్పుకునే టైములు రాసిన కాగితం పట్టుకుని కూర్చున్నాడు. ఆమె చెయ్యి సిలువను తాకగానే, "నిమిషం యాభై రెండు సెకన్లు ముందున్నావమ్మా!" అని అరిచాడు. నీళ్ళు ఇవ్వబోతే అప్పటికే నాలుగు బారల కింద ఉంది.

దిగడం మొదలయ్యాక పాదం మోసం చేసింది. మంచు మీద రెండుసార్లు పడి, కూర్చున్న పళంగా జారింది. అరచేతులు కొట్టుకుపోయాయి. నిమిషం యాభై రెండు కాస్తా కరిగి నిమిషం పది అయింది. ఎనిమిదీ నలభై ఏడుకు బస దగ్గరికొచ్చేసరికి, దారికి అడ్డంగా ఎవరిస్త్ నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ చాపి.

"లియా, ఒక్క మాటమ్మా. ఆగు. నేను ఇంక మొయ్యలేను. ఆ రోజు..."

"తప్పుకో!"

"వాడు నాకు చెప్పాడమ్మా. నువ్వు పైన ఇరుక్కున్నావని చెప్పాడు. నేను..." ముసలాయన ఏడుస్తున్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను క్షమించానని ఒక్క మాట అను."

ఆరేళ్ళుగా ఆమె వినాలనుకున్న మాట అదే. లోకంలో ఆమె కాక తెలిసినవాడు ఇంకొకడున్నాడని. అయినా అక్కడ ప్రతి సెకనూ కొర్రాదో వైపు పోతోంది.

చెయ్యి విదిలించుకుంది. "నాకెందుకు చెప్తావ్? నాకు తెలుసు! కిందికొచ్చి చెప్పు. చర్చి ముందు. ఆ పుస్తకం తెచ్చి అందరూ వినేలా చెప్పు."

"మోకాళ్ళు సహకరించవే..."

"నా కాలు సహకరించిందా?" అని ఆయన్ని పక్కకు నెట్టి దిగిపోయింది.

కింద నాకివేమీ తెలియవు. తొమ్మిదీ పదిహేడుకు అడవి అంచున లియా ఎర్ర చొక్కా కనిపించింది. పొలాల మధ్య దారి నిటారుగా దిగుతుంది. ఆమె పరిగెడుతోందో పడుతోందో తెలియడం లేదు. ఎడమ మోకాలి నుంచి బూటు దాకా నెత్తురు. నా పక్కన కొర్రాదో తన గడియారం, నా గడియారం మార్చి మార్చి చూస్తున్నాడు. వాడి పెదాలు లెక్కపెడుతున్నాయి.

తలుపు మీద దెబ్బ పడింది.

"మూడు గంటల ఇరవై నిమిషాల యాభై ఆరు సెకన్లు," అని చదివాను. నలభై నాలుగు సెకన్లు తక్కువ.

అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు. లియా తలుపుకు ఆనుకుని చెయ్యెత్తింది. "ఆపండి," అంది. ఆగిపోయాయి.

కొర్రాదో తెలివైనవాడు. ముందుకొచ్చి చెయ్యి చాపాడు, ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు కదా. "శభాష్ లియా. మనసారా అంటున్నా. ఇక బస పుస్తకం చూసి..."

ఆమె ఆ చెయ్యి వంక చూసింది, పశువులశాలలో కాలికి తగిలిన పేడను చూసినట్టు. "పుస్తకం నడిచొస్తోంది," అంది. "కూర్చో."

తను చర్చి మెట్ల మీద కూర్చుంది. ఎవరో నల్లరొట్టె, చీజ్ ముక్క తెచ్చిచ్చారు. మోకాలు కడుక్కోమంటే వద్దంది. తింటూ కూర్చుంది. వస్తాడో రాడో ఆమెకూ తెలియదని తర్వాత చెప్పింది. గంట గడిచింది. కొర్రాదో రెండుసార్లు లేచాడు.

"కొట్లో పని ఉంది, వచ్చి చూస్తా..."

"ఎక్కడికి నాయనా?" అన్నాను నేను. "సంతకం పెట్టాల్సింది నువ్వేగా."

అందరూ వాడి వైపు తిరిగారు. మళ్ళీ కూర్చున్నాడు.

పదకొండు కావస్తుండగా ఎవరిస్త్ కనిపించాడు. కర్ర పట్టుకుని, పక్కకు పక్కకు అడుగులేస్తూ, వీపున సంచితో. జనం దారిచ్చారు. సంచిలోంచి ఒకటి కాదు, రెండు పుస్తకాలు తీశాడు.

కొత్తది తెరిచి చదివాడు. "లియోంతిన. ఎక్కేటప్పుడు ఏడూ నాలుగు. దిగేటప్పుడు ఎనిమిదీ నలభై ఏడు." తర్వాత ఆరేళ్ళ కిందటి పాతది తెరిచాడు.

"మామయ్యా," అన్నాడు కొర్రాదో మెల్లగా. "ఎండలో వచ్చావు. లోపలికి పద."

"నోర్ముయ్యరా," అన్నాడు ముసలాయన. ఆయన నోట ఆ మాట మేమెప్పుడూ వినలేదు. "ఇక్కడ నేను రాసింది అబద్ధం. ఈ అమ్మాయి వెనక్కి తిరగలేదు. వీడు దిగుతూ బస దగ్గర ఆగి, లియా కాలు బండ కింద ఇరుక్కుందన్నాడు. నేను వైర్‌లెస్ తీయబోతే చెయ్యి పట్టుకుని, ఇప్పుడే హెలికాప్టర్ వస్తే అందరూ అటే పరిగెడతారు, నా టైము ఎవరూ చూడరు, తలుపు తాకగానే నేనే ఫోన్ చేస్తానన్నాడు. నేను నమ్మాను. మధ్యాహ్నం హెలికాప్టర్ వస్తే వీడు పిలిచిందే అనుకున్నాను. మర్నాడు వచ్చి ఈ ముక్క రాయమన్నాడు. మా చెల్లెలి కొడుకు జైలుకెళ్తాడని రాశాను."

అంతే. పుస్తకం మూశాడు. ఆ రోజు తలుపు తాకిన క్షణం కొర్రాదో నా ముందే ఉన్నాడు. ఫోన్ నా జేబులోనే ఉంది. నేను చప్పట్లు కొడుతున్నాను.

కొర్రాదో ఏదో అనబోయాడు. భయపడ్డానన్నాడు, చిన్నవాణ్ణన్నాడు, మొదటి అబద్ధం చెప్పాక వెనక్కి రాలేకపోయానన్నాడు. అందులో కొంత నిజమే అయ్యుంటుంది. లియా లేచి నిలబడింది.

"అవన్నీ తర్వాత ఏడువు. ముందు సంతకం పెట్టు."

సంఘం పుస్తకం వాడి చంకలోనే ఉంది. తెరిచాడు. కలం తీసి అంకె వెయ్యబోయాడు.

"అంకెల్లో కాదు," అంది. "అక్షరాల్లో రాయి. నా పూర్తి పేరుతో. నీ పేరు పైన."

రాశాడు. ఆమె వాడి భుజం మీదుగా వంగి ప్రతి అక్షరమూ చదివింది. 'సెకన్లు' అన్న మాట వణికి చెదిరిపోతే, "అది సరిగ్గా లేదు, మళ్ళీ రాయి," అంది. మళ్ళీ రాశాడు. కొందరు ఆడవాళ్ళు తలతిప్పుకున్నారు. లియా మాత్రం ఆ ఆరు సంవత్సరాల్లో మొదటిసారి తీరిగ్గా ఉన్నట్టు కనిపించింది.

ఎవరిస్త్ ఆమె ముందుకొచ్చి టోపీ తీశాడు. "అమ్మా..."

"చెప్పాల్సింది చెప్పావు బాబాయ్. ఇక ఇంటికెళ్ళు," అంది. గట్టిగా అనలేదు, మెత్తగానూ అనలేదు.

పోలీసులు వచ్చారు, కేసు నడిచింది, లాయర్లు దాన్ని సాగదీశారు. కొర్రాదోను గైడ్ల సంఘం తీసేసింది. మంచు పడేలోగా కొట్టు ఖాళీ చేసి తొరీనో పట్నానికి వెళ్ళిపోయాడు. ఎవరిస్త్ బస తాళాలు అప్పగించి చెల్లెలింట్లో ఉంటున్నాడు. ఆదివారాలు చర్చికి వస్తే లియా ఆయన్ని పలకరించదు. ఆయనా ఎదురుపడడు.

నేను ఒకరోజు పచ్చిక మీదికి ఆమె దగ్గరికెళ్ళాను. కాగులో పాలు కలుపుతోంది. క్షమించమని అడగడానికే వెళ్ళాను, అడగలేకపోయాను. బదులుగా, "ఇప్పుడు మనశ్శాంతిగా ఉందా?" అన్నాను.

"అదేం తెలియదు పిన్నీ. బాగుంది, అంతే. వాడు రెండోసారి రాసినప్పుడు చాలా బాగుంది. రోజూ గుర్తు తెచ్చుకుంటా." కర్ర ఆపకుండానే నా వంక చూసింది. "నీ మీద ఇంకా కోపం పోలేదు. పోయినప్పుడు చెప్తాలే."

కిందటి వేసవిలో పక్క లోయ నుంచి ఇరవై రెండేళ్ళ పిల్ల ఒకతి వచ్చింది, బెక్కా నేరా టైము కొడతానని. వెన్ను మీద పట్లు ఎక్కడున్నాయో అడగడానికి భయపడుతూ లియా దగ్గరికెళ్ళింది. లియా పని పక్కన పెట్టి రెండు రోజులు ఆ పిల్లను వెంట తీసుకెళ్ళి ప్రతి రాయీ చూపించింది. ఆ పిల్ల లియా కన్నా నాలుగు నిమిషాలు తక్కువలో వచ్చింది.

"పోయిందే నీ రికార్డు," అన్నాడు తెయోఫిలో.

"నాకు కావలసింది వాడి పేరు చెరగడం," అంది లియా, ఆ పిల్ల భుజం మీద తువ్వాలు వేస్తూ. "పైన ఎవరి పేరున్నా నాకేం?"